నాన్నకు రేడియేషన్ మూడో వారం, నోరు పూసి ఏమీ మింగలేకపోతున్నారు

ప్రశ్న:
నాన్నకు బుగ్గ లోపల క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక 30 సిట్టింగులు రాశారు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ తీసుకెళ్తున్నాం. ఇప్పుడు నోరంతా పూసి మజ్జిగ తగిలినా మంట అంటున్నారు, మెడ నల్లబడి దురద పెడుతోంది, అమ్మేమో పసుపు రాస్తానంటోంది. పైగా పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దని ఎవరో చెప్పారట, మనవడిని ఎత్తుకోవడమే మానేశారు. ఒక వారం ఆపి, నోరు మానాక మళ్లీ మొదలుపెట్టొచ్చా?

జవాబు (రేడియేషన్ వార్డు స్టాఫ్ నర్సు):
ముందు మనవడి సంగతి. బయటి నుంచి మెషిన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు, ఇవాళే ఒళ్లో కూర్చోబెట్టుకోమనండి. మీ అంతట మీరు ఆపడం మాత్రం వద్దమ్మా, గ్యాప్ వస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు పెరిగే ప్రమాదం ఉంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రెండు మూడు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయాలి, ఏ రోజుకారోజు కొత్తగా కలపండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. నొప్పి మందు డాక్టరుని అడిగి తిండికి అరగంట ముందు వేస్తే నాలుగు ముద్దలు లోపలికి వెళ్తాయి. మెడకు పసుపు, పౌడరు, బ్లేడుతో గడ్డం గీయడం ఏవీ వద్దు, కాలర్ లేని మెత్తటి కాటన్ చొక్కా వేయండి. నాలుక మీద తెల్లటి పొర కనిపిస్తే ఫంగస్ కావచ్చు, చూపించండి. కీమో కూడా ఇస్తుంటే, జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకండి.

జవాబు:
మా ఆయనకు గొంతుకి ఇచ్చారు. కారం పూర్తిగా మానేసి, పప్పన్నం నెయ్యి వేసి మిక్సీలో మెత్తగా పట్టి గోరువెచ్చగా ఇచ్చేదాన్ని, ఇడ్లీ పాలలో నానబెట్టి పెట్టేదాన్ని. బరువు బాగా తగ్గి, రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా బిగించే మాస్కు వదులైంది, మళ్లీ కొత్తది చేయాల్సి వచ్చింది, అందుకని వారం వారం బరువు చూడండి. ముక్కు గొట్టం వేస్తామంటే భయపడకండి, తాత్కాలికమే, మాకైతే అదే ప్రాణం నిలబెట్టింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. గొట్టం మాట ఇంతకుముందే ఎత్తారు, నాన్నే ఒప్పుకోవడం లేదు.

స్టాఫ్ నర్సు:
గొట్టంతో ఇంటికెళ్లినవాళ్లతో ఒకసారి మాట్లాడించమని మీ వార్డు సిస్టర్‌ని అడగండి, మా దగ్గర చాలామంది అలాగే ఒప్పుకున్నారు. పాలు పోసేటప్పుడు కూర్చోబెట్టి, అయ్యాక నీళ్లతో గొట్టం కడిగి, అరగంట దాకా పడుకోనివ్వకూడదు. ఇంకోటి, చివరి సిట్టింగు అయ్యాక కూడా వారం, రెండు వారాలు నొప్పి పెరగొచ్చు, కంగారుపడకండి. నోరు తెరిచే వ్యాయామం ఫిజియోని అడిగి ఇప్పుడే మొదలుపెట్టించండి, దవడ బిగుసుకుపోయాక తెరవడం చాలా కష్టం. ఎన్నేళ్ల తర్వాతైనా సరే, పన్ను పీకించాల్సి వస్తే రేడియేషన్ అయిన సంగతి డెంటిస్టుకి ముందే చెప్పాలి.