ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలి?

ప్రశ్న (ఒక అమ్మ, సూర్యాపేట):
అందరికీ నమస్కారం. మా పాపకు తెలంగాణ ఎప్‌సెట్‌లో (పాత ఎంసెట్) 24 వేల చిల్లర ర్యాంకు వచ్చింది. బీసీ-బి. హెల్ప్‌లైన్ సెంటర్లో సర్టిఫికెట్ల పరిశీలన అయిపోయింది, ఇక వెబ్‌సైట్లో ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీ, బ్రాంచి వరసగా పెట్టాలి. మా ఇళ్లల్లో ఇంజినీరింగ్ దాకా వచ్చిన మొదటి పిల్ల ఇదే, అడుగుదామంటే తెలిసినవాళ్లు లేరు. "పెద్ద కాలేజీలు పైన పెడితే అవి రావు, ఈలోగా కిందవీ పోతాయి. వచ్చేవే ముందు పెట్టండి" అంటున్నారు. పాపేమో ఉస్మానియా క్యాంపస్, జేఎన్‌టీయూ పైన పెడతానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు (ఇంటర్ లెక్చరర్, హనుమకొండ):
అమ్మా, పాప మాటే సరైనది. పెట్టనివ్వండి.

సీటు ఇచ్చేది ర్యాంకు వరసలో. పాప వంతు వచ్చినప్పుడు ముందు తన మొదటి ఆప్షన్ చూస్తారు. అందులో తనకు వర్తించే సీటు మిగల్లేదంటే రెండోది, అదీ లేకపోతే మూడోది, అలా కిందికి. తన సంగతి తేలాకే వెనక ర్యాంకు వాళ్ల దగ్గరికి వెళ్తారు. పాప 38వ ఆప్షన్‌గా పెట్టిన కాలేజీని 60 వేల ర్యాంకున్న బీసీ-బి అమ్మాయి మొట్టమొదట పెట్టుకున్నా, ఆ సీటు ముందు అడిగేది మీ పాపనే. కాబట్టి పైన పెద్ద కాలేజీ పెట్టడం వల్ల కిందది పోదు. వచ్చేదే పైన పెడితే మాత్రం దానికంటే మంచిది వచ్చే అవకాశాన్ని మీరే వదులుకున్నట్టు.

నేను ఏటా చూసే పొరపాటు వేరే. పది, పదిహేను ఆప్షన్లతో ఆపేస్తారు, ఏదీ రాక ఏడుస్తారు. ఒకే కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్స్), ఐటీ, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) దేనికది వేరే ఆప్షన్. ఎన్నైనా పెట్టుకోవచ్చు. కిందటేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చూపే చివరి ర్యాంకుల పట్టిక తీసి బీసీ-బి బాలికల గడి చూడండి, ఓసీ గడి చూసి బెంగపడొద్దు. తన ర్యాంకుకు అటూ ఇటూ ఉన్నవి, చివరి ర్యాంకు బాగా వెనక్కి వెళ్లినవి కూడా చేర్చండి.

జవాబు (ఒక నాన్న, ఖమ్మం):
మా అబ్బాయి విషయంలో జరిగింది చెప్తాను. మొదటి విడతలో మంచి సీటే వచ్చింది. ఇంకా మంచిది వస్తుందేమోనని రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టాడు, సంఖ్య పెంచడానికి ఇష్టం లేనివీ కలిపాడు. అందులో ఒకటి వచ్చింది, పాత సీటు దానంతటదే రద్దయింది. ఎవర్ని అడిగినా తిరిగి రాదన్నారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

జవాబు (లెక్చరర్):
ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. రెండో విడతలో చేతిలో ఉన్న సీటుకంటే నిజంగా మేలైనవే పెట్టాలి. ఇంకో మాట: సీటు వచ్చిందని మెసేజ్ చూసి ఊరుకోకూడదు. గడువులోగా చూపించిన ఫీజు కట్టి, వెబ్‌సైట్లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నానని నమోదు) చేయాలి. చేయకపోతే సీటు పోతుంది. లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్ ఎవరి చేతికీ ఇవ్వకండి, "మేమే పెట్టిస్తాం" అని ఇంటికొచ్చే కాలేజీ మనుషులకైతే అసలే వద్దు.

ప్రశ్న (అమ్మ):
చాలా థాంక్స్ సార్. ఫీజు సంగతే భయంగా ఉంది. మాది పల్లెటూరు, ఆదాయం లక్షన్నర లోపే.

జవాబు (లెక్చరర్):
అయితే కన్వీనర్ కోటా సీటుకు, అంటే ఈ కౌన్సెలింగ్‌లో ర్యాంకుతో వచ్చే సీటుకు, రీయింబర్స్‌మెంట్ (ప్రభుత్వం ఫీజు భరించడం) వర్తిస్తుందమ్మా. కానీ బీసీ పిల్లలకు మామూలుగా 10 వేలలోపు ర్యాంకుంటే ఫీజు మొత్తం, ఆ పైన ఏడాదికి 35 వేల దాకా. మిగతాది మీరే కట్టాలి. అంటే ఫీజు లక్ష ఉన్న కాలేజీలో మీ చేతి నుంచి ఏటా 65 వేలు, నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. హాస్టల్ వేరు. ప్రతి కాలేజీ పేరు పక్కన ఈ లెక్క వేసుకోండి, మీవల్ల కాని ఫీజు ఉన్నది జాబితాలోకే రానివ్వకండి. మేనేజ్‌మెంట్ కోటాకు ఈ సాయం ఉండదు.

ప్రశ్న (ఇంకొకరు, గుంటూరు):
సార్, ఆంధ్రాలోనూ ఇంతేనా?

జవాబు (లెక్చరర్):
ఆప్షన్ల వరస సూత్రం అదే. ర్యాంకు కట్టడంలో తేడా ఉంది: మీకు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ, మాకు 2023లో తీసేశారు. ఫీజు నిబంధనలూ వేరు, మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి.

అమ్మ:
ఈ రాత్రే పాప, నేను కూర్చుని కాలేజీ కోడ్, బ్రాంచి, మా చేతి నుంచి పడే ఫీజు నోట్‌బుక్‌లో రాసుకుంటాం. ఉస్మానియా ఒకటో నంబరు.