ఎక్మోకి తొడ ఆర్టరీ: సూదితోనా, కోసి పెట్టాలా?

నాగావళి ఒడ్డు (ఎనస్థీషియా, శ్రీకాకుళం):
మయోకార్డైటిస్‌తో (గుండె కండరం వాపు) గుండె పడిపోయిన కుర్రాడు. విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే, అంబులెన్సులో ఆగేలా లేడు. ఇలాంటప్పుడు ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని బయటి నుంచి చేసే యంత్రం) టీమే వచ్చి ఇక్కడే కాన్యులాలు (రక్తం పోయే, వచ్చే గొట్టాలు) పెట్టి తీసుకెళ్లాలి. తొడ ఆర్టరీలో (ధమనిలో) సూది గుచ్చి, సన్నటి వైరు మీదుగా గొట్టం ఎక్కించడమే మేలంటాను. థియేటర్ అక్కర్లేదు, రక్తం తక్కువ కారుతుంది, ఇన్ఫెక్షనూ తక్కువే. ఇంకా కోసి పెట్టాలనేవాళ్లున్నారా?

కోటగుమ్మం (గుండె సర్జన్, విజయనగరం):
ఉన్నాను కదండీ. 17 ఫ్రెంచ్ (గొట్టాల లావు కొలత) కాన్యులా అంటే 5.7 మిల్లీమీటర్ల లావు. షాక్‌లో (బీపీ పడిపోయి) ముడుచుకుపోయిన ఆర్టరీలో అది బిరడాలా బిగుసుకుంటుంది. పల్స్ అందని మనిషిని గుడ్డిగా పొడిస్తే వెనక గోడ చిరిగి రక్తం పొట్ట వెనక చేరుతుంది, పైకి కనపడదు. కోస్తే కళ్లారా చూసి పెడతాను. అయినా తీసేటప్పుడేం చేస్తారు? యాంజియోగ్రాం షీత్ (సన్న గొట్టం) తీసినప్పటిలా నొక్కి కూచుంటారా? అప్పుడు సర్జన్ గుర్తొస్తాడు!

నాగావళి ఒడ్డు:
గుడ్డిగా ఎవరు పొడవమన్నారు సార్? అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, ఆర్టరీ రెండుగా చీలే చోటికి పైన, గజ్జ లిగమెంట్‌కి కింద గుచ్చాలి. వైరు ఆర్టరీలోనే ఉందని తేలాకే డైలేటర్ (దారి వెడల్పు చేసే గొట్టం). సన్నటి ఒళ్లయితే 15 చాలు. పల్సూ లేదు, అల్ట్రాసౌండ్‌లోనూ సరిగా కనపడలేదంటే కత్తి మీ చేతికే. తీసేటప్పటి మాటా ఒప్పుకుంటా; ఆర్టరీ రంధ్రం మూసే క్లోజర్ పరికరం లేకపోతే మిమ్మల్నే పిలవాలి.

పంపు మనిషి (పర్‌ఫ్యూజనిస్ట్, ఎక్మో పంపు నడిపేవాడు):
ఆర్టరీ వైపు 15 సరే, వీన్ (సిర) వైపు పిసినారితనం వద్దు. అక్కడ 23, 25 పెట్టండి. రక్తం రాకపోతే పంపు తిప్పి ఏం లాభం, లైను కొట్టుకుంటూ ఉంటుంది.

కోటగుమ్మం:
2023లో ఈసీఎల్ఎస్-షాక్ ట్రయల్ చూశారుగా. గుండెపోటు షాక్‌లో ఎక్మోతో 30 రోజుల్లో చావులు తగ్గలేదు. కాళ్ల రక్తనాళాలకి చికిత్స అవసరమైనవాళ్లు మాత్రం 11 శాతం, ఎక్మో లేనివాళ్లలో 3.8.

రాత్రి డ్యూటీ (ఐసీయూ నర్స్):
మీరు పెట్టేసి ఎల్లిపోతారు సార్. గంటగంటకీ పాదం పట్టుకు సూసేది నేను. సూదితో పెట్టినా కోసి పెట్టినా కాలికి రక్తం పోయే చిన్న గొట్టం పెట్టకపోతే పాదం సల్లబడిపోద్ది. ఒకసారి ఆ గొట్టం కోసం తెల్లారేదాకా సూశాం, అప్పటికే పిక్క గట్టిపడిపోయింది.

కోటగుమ్మం:
ఈ మాట నిజం తల్లీ. 6 నుంచి 8 ఫ్రెంచ్ చాలు. పెద్దది ఎక్కించకముందే ఈ చిన్నదాని వైరు వేసేసుకోవాలి, తర్వాత కింద పల్స్ దొరకదు.

నాగావళి ఒడ్డు:
ఆ వైరు కూడా సూదితోనే కదా సార్?