పాత వీడియో గేమ్ గన్ ఎల్ఈడీ టీవీలో పేలట్లా, దాంతో పాటు ఒక పెళ్ళి క్యాసెట్ కూడా దొరికింది, తెలిసినోళ్ళు చెప్పండి

కొర్లగుంట_కుర్రోడు:
అన్నలూ అక్కలూ, ఇంటికి సున్నాలు వేయిస్తా ఉన్నాం, మిద్దె మీద గదిలో ట్రంకు పెట్టె ఖాళీ చేస్తే అడుగున నా వీడియో గేమ్ బయటపడింది. 2002లో మా నాన్న మద్రాసు బర్మా బజార్ నుంచి తెచ్చినాడు, పొద్దున రైల్లో పోయి రాత్రికి వచ్చేసినాడు, నేనైతే ఆగలేక స్టేషన్ కాడికే పోయి నిలబడినా. రెండు రిమోట్లు, ఒక గన్, పసుపు రంగు క్యాసెట్ ఒకటి. దాని మీద 9999999 ఇన్ 1 అని ఉంటాది, తీరా చూస్తే ఉండేవి ఓ ముప్పై గేములు, మిగతావన్నీ అవే తిప్పి తిప్పి వస్తాయి.

ఇప్పుడు పసుపు తెలుపు వైర్లు ఎల్ఈడీ టీవీకి పెడితే మారియో వస్తా ఉంది కానీ బటన్ నొక్కినాక ఒక క్షణం ఆగి ఎగురుతాడు, ఆలోపు గుంటలో పడిపోతాడు. గన్ అయితే అసలు పనే చేయట్లా, బాతుల్ని కాల్చే ఆటలో బాతు ఒక్కటి పడదు, కుక్క పైకి లేచి నన్ను చూసి నవ్వుతా ఉంది. గన్ చెడిపోయిందా టీవీదా తప్పు?

ఇంకోటి, అదే పెట్టెలో నాన్న పాత పంచలో చుట్టి వీహెచ్ఎస్ క్యాసెట్ ఒకటి ఉంది, స్టిక్కర్ మీద అమ్మానాన్న పేర్లు, 1993. అది పోయిందనే మా ఇంట్లో అందరూ అనుకుంటా ఉన్నారు, మా మేనమామ ఎవరికో ఇచ్చి పోగొట్టినాడని అమ్మ ఇప్పటికీ పండగొస్తే ఒకసారి ఎత్తుతాది. అద్దం లోంచి చూస్తే రీలు అంచున తెల్లగా పిండి చల్లినట్టు ఉంది. ఫోటో పెట్టినా చూడండి. తిరుపతిలో ఎవరి దగ్గరన్నా ఈ క్యాసెట్ వేసి చూసే డెక్ ఉందా, అమ్మకి చెప్పకుండా ముందు నేను చూసుకోవాల.

సర్క్యూట్_సామి:
గన్ బాగానే ఉంటాది బ్రదర్. నువ్వు ట్రిగ్గర్ నొక్కంగానే తెర ఒక్క రెప్పపాటు నల్లగా అయిపోయి, బాతు ఉన్న చోట మాత్రం తెల్ల డబ్బా వస్తాది, గన్ మూతి లోపల ఉండే సెన్సార్ ఆ తెలుపు కనపడిందా లేదా అని చూస్తాది అంతే. అంటే గన్ నుంచి ఏమీ బయటికి పోదు, అదే టీవీని చూస్తాది. డబ్బా టీవీలో సిగ్నల్ వచ్చిన క్షణమే గీత గీతగా వెలుగు పడతాది కాబట్టి టైము సరిపోతాది. ఎల్ఈడీ టీవీ బొమ్మని లోపల పెట్టుకుని సాగదీసి దిద్ది అప్పుడు చూపిస్తాది, ఆలోపు గన్ చూడటం అయిపోయింటాది. మారియో లేటుగా ఎగిరేది కూడా ఇందుకే. టీవీలో గేమ్ మోడ్ ఉంటే పెట్టి చూడు, మారియోకి కొంచెం పనికొస్తాది, గన్‌కి మాత్రం పాత సామాన్ల అంగట్లో డబ్బా టీవీ వెతుక్కోవాల్సిందే. అడాప్టర్ కొత్తది కొంటే ప్లస్ మైనస్ గుర్తు గేమ్ డబ్బా మీద ఉన్నట్టే ఉందా చూసుకో, తిరగబడితే పొగే.

హైటెక్_హరి:
ఇంత కష్టం దేనికి, ఆ గేములన్నీ ఫోన్లో ఎమ్యులేటర్ అని పాత గేములు ఆడించే యాప్ వేసుకుంటే వస్తాయి కదా.

పీలేరు_పిల్ల:
హరీ, ఫోన్లో కాంట్రా ఆడితే పక్కన రెండో రిమోట్ పట్టుకుని తిట్టే తమ్ముడు యాడ్నించి వస్తాడు. మా వాడు ముందుకు పరిగెత్తి తెర పైకి ఎగబాకేవాడు, కింద ఉండిపోయిన నా మనిషి దానికే చచ్చేది, ఆట తర్వాత నిజం కొట్లాట. ముప్పై లైఫుల కోడ్ ఇంకా వేళ్ళలోనే ఉంది, పైన పైన కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ, ఇద్దరు ఆడాలంటే సెలెక్ట్, తర్వాత స్టార్ట్. ఎక్కాలు మాత్రం పదమూడోది దాటలా. గేమ్ క్యాసెట్‌లో ఊదేది ఒకటి, ఊదితేనే పనిచేస్తాదని ప్రమాణం చేసేవాళ్ళం, నిజానికి తీసి మళ్ళీ పెట్టేదే మందు, ఊపిరి తేమకి ఆ రాగి పళ్ళు ఇంకా పాడయ్యేవంట.

డెక్ అంటే గుర్తొచ్చింది, మా ఊర్లో జాతరకి టీవీ, డెక్, మూడు సినిమా క్యాసెట్లు రాత్రికి బాడుగకి తెచ్చి వీధిలో పెట్టేవాళ్ళు. మూడో సినిమాకి మేలుకున్నోళ్ళని నేనైతే చూడలా.

చిత్తూరు_డెక్కోడు:
తమ్ముడూ, గన్ పక్కన పెట్టు. ముందు ఆ క్యాసెట్‌ని ఏ డెక్‌లోనూ పెట్టొద్దు, ఎవరు ఇస్తామన్నా సరే. నేను చర్చి వీధి దగ్గర వీడియో సెంటర్లో ఏడేళ్ళు చేసినా, ఆ తెల్లది పిండి కాదు బూజు. లోపల డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతాది, రీలు మీది బొమ్మని చదివే దాని హెడ్ల మీద వెంట్రుకంత దుమ్ము పడినా బొమ్మ పోతాది, బూజు పడితే ఆ డెక్ పాడవుతాది, తర్వాత దాంట్లో పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ అంటుకుంటాది. డెక్ పోతే మళ్ళీ కొనేది కూడా లేదు, ఆఖరుగా చేస్తా ఉండిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలోనే ఆపేసింది.

తేమ లేని చోట నాలుగు రోజులు పెట్టు, ఎండలో మాత్రం వద్దు. క్యాసెట్ అడుగున ఐదు స్క్రూలు ఉంటాయి, మధ్యలో చిన్న బొక్క ఉంటాది, అందులో పుల్ల పెడితే రీలు బిగింపు వదులుతాది, చేత్తో తిప్పుకుంటా మెత్తటి గుడ్డతో తుడవాల. మూతికి గుడ్డ కట్టుకో, ఆ బూజు పీల్చేది కాదు. లేదంటే కానిపాకం వచ్చినప్పుడు ఇట్ల రా, నా దగ్గర చావుకి దగ్గరున్న వీసీపీ, అంటే క్యాసెట్ చూపించే డెక్, ఒకటి ఉంది, దానికి ఇంక పోయేదేం లేదు. బొమ్మని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డు, ల్యాప్‌టాప్ నువ్వు తెచ్చుకో. మూడు గంటల క్యాసెట్ అయితే మూడు గంటలు కూర్చోవాల, దీనికి అడ్డదారి లేదు.

ఇంకొక మాట, నువ్వు పెట్టిన ఫోటోలో క్యాసెట్ వెన్ను మీద ఒక మూల సెల్లోటేప్ అంటించి ఉంది చూసుకున్నావా. పెళ్ళి క్యాసెట్ ఇచ్చేటప్పుడు స్టూడియోవాళ్ళు అక్కడ ప్లాస్టిక్ ముక్క విరిచేస్తారు, పొరపాటున ఎవరూ దాని మీద రికార్డ్ చేయకుండా. ఆ బొక్క మీద టేప్ వేస్తే మళ్ళీ రికార్డ్ అవుతాది. పొరపాటున టేప్ అంటుకోదు తమ్ముడూ. మీ ఇంట్లో వీసీఆర్, అంటే రికార్డ్ కూడా చేసే డెక్, ఎవరికి ఉండేది?

కొర్లగుంట_కుర్రోడు:
మామకే అన్నా, కువైట్ నుంచి తెచ్చినాడు. సెలవు అయిపోయి పోయేటప్పుడు మా ఇంట్లోనే పెట్టి పోయేవాడు. ఇప్పుడు భయమేస్తా ఉంది.

కొర్లగుంట_కుర్రోడు:
రెండు వారాలైంది, చెప్పాల్సింది చెప్పేస్తా. ఆదివారం చిత్తూరు పోయినా, అన్న నాకంటే ముందే స్క్రూలు విప్పి కూర్చున్నాడు, తుడవడానికే సాయంత్రమైంది. మొదట నీలం తెర, తర్వాత గీతలు, తర్వాత మా అవ్వ. వీడియో లైటు కళ్ళలో పడతా ఉంటే చెయ్యి అడ్డం పెట్టుకుని తీసేవాడిని ఏదో తిడతా ఉంది, సన్నాయి మోతలో మాట వినపడదు, నోరు చూస్తే ఏం తిట్టిందో నాకు తెలిసిపోయింది. ఆమె పోయి పదకొండేళ్ళు. అన్న ఏమీ అడక్కుండా వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టినాడు.

మాంగల్యధారణ బాగానే ఉంది. తలంబ్రాలకి అమ్మ దోసిలి ఎత్తింది, బియ్యం ఇంకా కింద పడలా, తెర అడ్డంగా చీలిపోయి పచ్చగా గ్రౌండు. 1996 వరల్డ్ కప్, బెంగళూరు, పాకిస్తాన్ మీద క్వార్టర్ ఫైనల్. వకార్ యూనిస్ బౌలింగు, మన అజయ్ జడేజా బాదుడు. యాడ్లతో సహా నలభై నిమిషాలు, తర్వాత నేరుగా భోజనాల పంక్తి.

ఆ మ్యాచ్ జరిగింది మార్చి నెలలో, అప్పుడు మామ కువైట్లో ఉన్నాడంట. ఆ లెక్క వేసింది కూడా అమ్మే. రాత్రి అందరినీ కూర్చోబెట్టి వేస్తే తలంబ్రాల దాకా కళ్ళు తుడుచుకుంటా చూసింది, గ్రౌండు రాంగానే ఒక్క మాట అనకుండా తల తిప్పి నాన్నని చూసింది. నాన్న గమ్మున ఉండుంటే పోయేది. "ఆ పొద్దు 25 బాల్స్‌కి 45 కొట్టినాడే" అన్నాడు. అమ్మ లేచిపోయి మామకి ఫోన్ చేసింది, ఇన్నేళ్ళు అన్న మాటలన్నిటికీ ఏం చెప్పుకుందో తలుపేసుకుని చెప్పుకుంది.

గన్ ఇంకా పెట్టెలోనే ఉంది.

చిత్తూరు_డెక్కోడు:
ఆ నలభై నిమిషాలు చెరిపేయొద్దు తమ్ముడూ, నాకొక కాపీ పంపు. ఆ పొద్దు సరిగ్గా ఆ ఓవర్లకే మా వీధిలో కరెంటు పోయింది.