చక్రపు నట్లు ఉబ్బి పానాకు అందడం లేదు: లోపం బిగించినవారిదా, తయారుచేసినవారిదా?

నోవై నివాసి:

మిత్రులందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా మిషిగన్ రాష్ట్రంలోని నోవై పట్టణంలో ఉంటున్నాను. మొన్న జనవరిలో మంచు కురుస్తున్న ఒక రాత్రి, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని బంధువుల ఇంటి నుంచి తిరిగి వస్తుండగా మా కారు ముందు టైరు పంచరయింది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కారుతో వచ్చిన పానా కూడా ఉంది. అయినా ఐదు నట్లలో మూడు మాత్రమే ఊడాయి. మిగిలిన రెండింటి మీదికి ఆ పానా ఎక్కనే లేదు. చేతి తొడుగులు తీసి తడిమి చూస్తే వాటి పలకలు చదునుగా లేకుండా, పూరీ పొంగినట్టు, కొద్దిగా బయటికి ఉబ్బి ఉన్నాయి. ఇద్దరు పిల్లలను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, బండిని లాక్కెళ్లే లారీ కోసం గంటన్నర ఎదురుచూశాం.

మరునాడు టైర్ల దుకాణంలో అడిగితే, ఎవరో నట్లు బిగించే యంత్రపు గన్నుతో అతిగా బిగించడం వల్ల ఇలా అయిందని చెప్పారు. కారు కొన్న చోట అడిగితే, ఇవి వాడకంలో అరిగే వస్తువులని, వారంటీ వర్తించదని అన్నారు. కారు వయసు ఆరేళ్లు. కంపెనీ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే నాకు కావలసింది తగువు కాదు, కారణం. ఇంటికి వచ్చాక వెర్నియర్‌తో కొలిచాను. 19 మిల్లీమీటర్లు ఉండవలసిన నట్లలో కొన్ని 19.4, ఒకటి ఏకంగా 19.7 చూపించాయి. అతిగా బిగిస్తే నట్టు లావవుతుందా? ఇలాంటి నట్లతో బండి నడపడం ప్రమాదమా? మార్చవలసి వస్తే ఏ రకం కొనాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

బోల్టుల ఇంజినీరు:

నమస్కారమండి. నేను మీకు దగ్గరలోనే, ట్రాయ్‌లో ఉంటాను. చాలా ఏళ్లు బోల్టులు, నట్ల తయారీ రంగంలో పనిచేశాను కాబట్టి కొంచెం విపులంగానే రాస్తాను.

మీ చేతిలో ఉన్నది ఒకే లోహపు ముద్ద కాదు. లోపల మామూలు ఉక్కు నట్టు ఉంటుంది. దానిమీద మెరుపు కోసం పలుచని స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగును టోపీలాగా దిగ్గొట్టి, అంచును మడిచి బిగిస్తారు. నట్టు మొత్తానికి మంచి క్రోమ్ పూత పూయడం కంటే ఇది చవక, చూపుకు దానితో సమానం. చిక్కంతా ఆ రెండు పొరల నడుమ ఉండే సన్నని సందులోనే వస్తుంది. మన మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పునీరు టోపీ అంచు దగ్గర లోపలికి చేరుతుంది. స్టెయిన్‌లెస్ తొడుగు తుప్పు పట్టదు, లోపలి ఉక్కు పడుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం రెండింతలకు మించి పెరుగుతుంది. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే పాత ఇళ్లలో శ్లాబు పెచ్చులూడి లోపలి ఊచలు బయటపడడం మీరు చూసే ఉంటారు. అక్కడ కాంక్రీటును పగలగొట్టే శక్తి ఏదో, ఇక్కడ పలుచని రేకును బయటికి నెడుతున్నదీ అదే. పైకి మాత్రం నట్టు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది కాబట్టి, పంచరయ్యే రోజు దాకా యజమానికి అనుమానమే రాదు.

కాబట్టి అతిగా బిగించడం వల్ల నట్టు లావయిందన్న మాట నిలవదు. అతి బిగింపు జాడలు వేరుగా ఉంటాయి: స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీ, సాగి మరలు చెడిపోతాయి, లేదా తెగుతుంది, లేదా బ్రేకు డిస్కు వంకరపోయి బ్రేకు నొక్కినప్పుడు స్టీరింగు వణుకుతుంది. అయితే దుకాణం వారి మాటలో పిసరంత నిజం లేకపోలేదు. గన్నుతో పదే పదే కొట్టినప్పుడు టోపీ మూలలు నలిగి, తొడుగు వదులై, నీరు చేరే సందు ఇంకా పెద్దదవుతుంది. అది జబ్బును తొందరపెడుతుందే తప్ప జబ్బుకు మూలం కాదు. మూలం ఆ రెండు పొరల ఆకృతిలోనే ఉంది.

ఇది మీ ఒక్కరి కారుకే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో ఫోర్డ్ కార్ల యజమానులు కొందరు సరిగ్గా ఈ రెండు పొరల నట్ల విషయంలోనే 2017లో కోర్టుకు కూడా వెళ్లారు. ఇంత గొడవ జరిగినా మీరు ఆశిస్తున్న ఉచిత మార్పిడి ఎందుకు దొరకదో కూడా చెప్పాలి. ఇక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ రీకాల్‌కు ప్రధానంగా చూసేది ప్రాణాపాయాన్ని. టోపీ ఉబ్బినంత మాత్రాన చక్రం ఊడిపోదు, ఎందుకంటే బరువు మోసేది లోపలి ఉక్కు, దాని మరలు, రిమ్ముకు ఆనే శంకువు ఆకారపు అంచు. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ 2022 జూన్‌లో టయోటా బీజెడ్4ఎక్స్ విద్యుత్ కారుది. అందులో హబ్‌కు, అంటే చక్రం ఆనే నడిమి భాగానికి, బిగించే బోల్టులే వదులై చక్రం ఊడిపోయే అవకాశం ఉందని, కారు మార్కెట్‌లోకి వచ్చిన కొద్ది నెలలకే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 2,700 బండ్లను వెనక్కి పిలిచి, మరమ్మతు దొరికేదాకా నడపవద్దని యజమానులకు చెప్పారు. ఆ లోపం చక్రాన్ని ఊడదీసేది, మీది చక్రాన్ని ఊడనివ్వనిది. నియమాల దృష్టిలో మొదటిది ప్రమాదం, రెండవది అసౌకర్యం. హైవే అంచున, చీకట్లో, పక్క నుంచి లారీలు దూసుకుపోతుండగా గంటన్నర నిలబడడం అసౌకర్యమేనా అన్నది నా మనసులో ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్న. అందుకే ఆ సంస్థ వెబ్‌సైటులో మీ ఫిర్యాదు తప్పక నమోదు చేయండి. ఫిర్యాదులు పోగైతేనే వాళ్లు తవ్వి చూస్తారు.

కొనవలసింది ఒకే ముద్దగా చేసిన నట్లు. మరల కొలత, మరల నడుమ దూరం, రిమ్ముకు ఆనే అంచు ఆకారం, ఈ మూడూ పాతవాటితో కచ్చితంగా సరిపోవాలి. ఇరవై నట్లూ ఒకేసారి మార్చండి, ఉబ్బనివి నేడో రేపో ఉబ్బేవే.

ఆటోనగర్ మేస్త్రి:

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాకు పాతికేళ్లుగా షెడ్డు ఉంది. ఇంజినీరు గారు చెప్పిన టోపీ నట్లు మా దగ్గరికి తక్కువగానే వస్తాయి. మన దగ్గర ఎక్కువ కార్లకు ఒకే ముద్ద నట్లు ఉంటాయి, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లకైతే నట్టు కాకుండా బోల్టే వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం విసుగెత్తిస్తాయి కాబట్టి, తీసే పద్ధతి చెబుతాను.

నోవై మిత్రమా, పన్నెండు మూలల గోటీని (నట్టు మీద గిన్నెలా కూర్చునే పానా ముక్క, సాకెట్) దానిమీద వాడకండి. ఉబ్బిన రేకు పలుచన, పన్నెండు మూలలది పైపైనే పట్టుకుని రేకును గుండ్రంగా చెక్కేస్తుంది. ఆరు మూలల గోటీయే కావాలి. 19కి పట్టకపోతే 19.5 కొలతతో ఇలాంటి నట్ల కోసమే చేసిన గోటీలు మీ దేశంలో అమ్ముతారు. అవి దొరకనప్పుడు కొంచెం పెద్ద గోటీని సుత్తితో నెమ్మదిగా దిగ్గొట్టి తిప్పవచ్చు. కొంతమంది ఉలితో టోపీని చీల్చి ఊడబెరుకుతారు. అలా చేస్తే లోపలి నట్టు 17, 18 కొలతకు వచ్చేస్తుంది, అప్పుడు కారులోని పానా వదులై జారిపోతుంది. పైగా సగం చీలిన రేకు అంచు బ్లేడులాగా వేళ్లు కోస్తుంది. మా కుర్రవాడికి నాలుగు కుట్లు పడ్డాయి. ఇక గన్ను సంగతి. అందరూ గన్నును తిడతారు గానీ గన్ను తప్పు కాదండి, దాని చివరన ఉన్న చేతిది. నట్టును ముందు చేత్తో మూడు చుట్లయినా తిప్పి, తరువాత తేలికగా గన్ను, చివర బిగింపు బలాన్ని అంకెల్లో చూపే టార్క్ రెంచ్. మా దగ్గర ఇదే వరస. తుప్పు రాకుండా మరల మీద కాస్త గ్రీజు పూస్తే మళ్లీ ఈ బాధ ఉండదని నా సలహా.

బోల్టుల ఇంజినీరు:

మేస్త్రి గారూ, ఉలి గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం. గ్రీజు విషయంలో మాత్రం విభేదించక తప్పదు, కోపగించుకోకండి. మనం పానాతో పెట్టే బలంలో దాదాపు సగం నట్టు అంచుకూ రిమ్ముకూ మధ్య రాపిడికి, మరో నలభై శాతం దాకా మరల రాపిడికి పోతుంది. స్టడ్డును సాగదీసి చక్రాన్ని పట్టి ఉంచేది మిగిలిన పది శాతమే. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన టార్క్ లెక్క పొడి మరలకు వేసినది. గ్రీజు పూసి అదే లెక్కకు బిగిస్తే రాపిడి తగ్గి, ఆ మిగులు బలమంతా స్టడ్డు మీద పడుతుంది. అంటే రెంచ్ సరైన అంకె చూపిస్తూనే ఉంటుంది, స్టడ్డు మాత్రం హద్దు దాటి సాగుతుంది. తుప్పు ఉంటే తీగల బ్రష్షుతో శుభ్రం చేయండి, అంతవరకే. హబ్‌కూ అల్యూమినియం రిమ్ముకూ మధ్య పట్టుకుపోకుండా నడిమి గుండ్రం చుట్టూ పలుచగా పూస్తే పరవాలేదు, మరలకూ శంకువు అంచుకూ అంటకూడదు.

ఆటోనగర్ మేస్త్రి:

కోపమెందుకు సార్. ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగే బండ్లకు, భీమవరం, కైకలూరు వైపు నుంచి వచ్చేవాటికి, పూయకపోతే రెండేళ్లకు స్టడ్డుతో సహా కోయాల్సి వస్తున్నది. అయితే పూసినప్పుడు బిగింపు తగ్గించాలన్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, అది ఒప్పుకుంటాను. ఈ మధ్య మా దగ్గర తెగిన స్టడ్లు ఎక్కువగా కనిపిస్తున్నందుకు ఇదీ ఒక కారణమేమో చూసుకుంటాను.

మియాపూర్ పాఠకుడు:

చర్చ మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి, సంబంధం ఉందనే అడుగుతున్నాను. కిందటి నెల హైదరాబాదులో ఒక దుకాణంలో మా కారుకు అలాయ్ చక్రాలు వేయించాను. పాత నట్లే వాడారు. కారు 80 దాటితే సన్నగా వణుకుతున్నది. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాను. నట్ల వల్ల ఇలా అవుతుందా?

ఆటోనగర్ మేస్త్రి:

తమ్ముడూ, బండి ఇంకా ఎక్కువ తిప్పకుండా ముందు నట్లు చూపించుకో. కంపెనీ చక్రానికి గుండ్రని అంచు నట్లుండి, కొత్త అలాయ్‌కి శంకువు రంధ్రాలుంటే నట్టు సన్నని గీత మీదనే ఆనుతుంది, మొత్తం ఆనదు. హోండా వాటికి గుండ్రని అంచు, టయోటా అలాయ్‌లు చాలావాటికి చదునైన వాషర్‌తో వచ్చే పొడుగు నట్టు, బయట అమ్మే అలాయ్‌లకు సాధారణంగా శంకువు. ఒకటి ఊడదీసి అంచు చూడు: చుట్టూ సమానంగా మెరిస్తే సరే, ఒక పక్కనే గీత పడి ఉంటే నట్టు తప్పు. నడిమి రంధ్రం హబ్ కంటే పెద్దగా ఉన్నా వణుకుతుంది, దానికి రింగు వేయాలి. చక్రం ఊడితే బ్యాలెన్సింగ్ బిల్లు గుర్తుకు రాదు.

బోల్టుల ఇంజినీరు:

మేస్త్రి గారు చెప్పినదానికి ఒక్కటే చేరుస్తాను. ఏ చక్రం మార్చినా 80 నుంచి 160 కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగింపు మరొకసారి సరిచూడాలి, ఎందుకంటే రంగు పూత, తుప్పు రేణువులు నలిగి సర్దుకున్నాక మొదటి బిగువు కొంత తగ్గుతుంది. ఇక కారులోనే తయారీ లోపం ఉన్నదని తేలితే, భారతదేశంలోనూ ఇప్పుడు దారి ఉంది: 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 110ఏ సెక్షన్ ద్వారా రీకాల్‌కు ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. ఏడేళ్ల లోపు వయసున్న బండ్లకు అది వర్తిస్తుంది. బయటి దుకాణం వేసిన అలాయ్‌కి మాత్రం ఆ దారి పనికిరాదు.

నోవై నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నాను, మొన్న వారాంతం దాకా మంచు తగ్గలేదు. మేస్త్రి గారు చెప్పిన 19.5 గోటీ తెప్పించి, గరాజులో తీరిగ్గా ఒక్కొక్క నట్టే తీశాను. ఇరవైలో పదమూడు ఉబ్బి ఉన్నాయి. ఎక్కువగా ముందు చక్రాలవే. ఒకదానికి టోపీ చేతికే ఊడి వచ్చింది, లోపల ఉక్కు ఎర్రగా, పొరలు పొరలుగా, ఎండిన చెరువు మట్టిలా ఉంది. అది చూశాక అతిగా బిగించారన్న మాట మీద నాకు ఇంక నమ్మకం లేదు. ఆ టోపీని, లోపలి నట్టును పక్కపక్కన పెట్టి తీసిన ఫోటోతో ఫిర్యాదు నమోదు చేశాను.

కొత్తవి ఒకే ముద్దవి, ఒక్కోటి మూడు డాలర్ల లోపే పడింది. ఆ రాత్రి బండిని లాగించుకున్న ఖర్చులో సగం కూడా కాలేదు. మా కారు పుస్తకంలో నట్ల బిగింపు (టార్క్) 135 న్యూటన్ మీటర్లని ఉంది. టార్క్ రెంచ్ అరువు తెచ్చి నక్షత్రం ఆకారంలో, ఎదురెదురుగా బిగించాను. మరలకు గ్రీజు పూయలేదు. 120 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూస్తే రెండు నట్లు మాత్రం కొద్దిగా తిరిగాయి.

కారులో వచ్చిన పానా పొడవు 30 సెంటీమీటర్లే. 135 రావాలంటే దాని చివర 46 కిలోల బరువు వేలాడాలి. మా శ్రీమతి ఇంకొంచెం పొడుగు పానా కొని కారులో పెట్టమంటున్నది. అలా పొడుగుది వాడితే బిగించేటప్పుడు తెలియకుండానే హద్దు దాటుతామా, ఇంజినీరు గారూ?

బోల్టుల ఇంజినీరు:

తప్పకుండా దాటుతాం. పొడుగు పానాను విప్పడానికే ఉంచండి. రోడ్డు మీద బిగించేటప్పుడు పొట్టిదానితోనే, దాని చివర పట్టుకుని, ఒంటి బరువంతా వేయకుండా బిగించి, ఇంటికి చేరాక రెంచ్‌తో సరిచేసుకోండి. మీ శ్రీమతి గారి సలహా సగం సరైనదే.