కంప్యూటర్ నడిపే యంత్రం వాడితే అది చేతిపని కాకుండా పోతుందా?

చర్చ ప్రారంభం: కొయ్యపని చేసే సభ్యుడు

డిజిటల్ పరికరాలు చేతి నైపుణ్యాన్ని హరిస్తాయి కాబట్టి చేతివృత్తుల వారు వాటికి దూరంగా ఉండాలన్న వాదనతో నేను ఏకీభవించను. అయితే వాటి స్థానం తయారీకి ముందు దశలోనే ఉండాలన్నది నా పక్షం. నమూనాలు, అచ్చులు, కోతకు ఆనించుకునే గైడ్లు యంత్రంతో చేయించుకుంటే కొలత తప్పదు, కలప వృథా కాదు. తుది వస్తువును మాత్రం చేతికే వదలాలి. కంప్యూటర్ ఆదేశాల ప్రకారం కలపను కోసే సీఎన్‌సీ రూటర్‌నే చూడండి. దాని బిట్టు, అంటే కోసే మొన, గిరగిర తిరుగుతూ కోస్తుంది కనుక, కుసి (అతుకులో దూర్చే కొయ్య కొన) దిగే బెజ్జంలో లోపలి మూలలు గుండ్రంగానే మిగులుతాయి, 6 మి.మీ. బిట్టయితే 3 మి.మీ. వ్యాసార్ధపు వంపు తప్పదు. ఆ మూలలను ఉలితో చదరం చేయాలా, కుసి అంచులనే గుండ్రంగా అరగదీయాలా అన్నది కలపను బట్టి, అతుకు బయటికి కనిపించే తీరును బట్టి మనిషి తేల్చుకోవలసిన విషయం. నార ఎదురు తిరిగిన చోట ఉలి చేతికి బరువుగా తగిలి హెచ్చరిస్తుంది. ముందే రాసిన దారిలో పోయే బిట్టు మాత్రం అక్కడ పీచు లేపుకుంటూ సాగిపోతుంది.

సమాధానం: నేత పని చేసే సభ్యురాలు

మీరు గీసిన హద్దు కొయ్యకు సరిపోవచ్చు గాని, నేతకు సరిపోదండి. 1804లో ఫ్రాన్స్‌కు చెందిన జాకార్డ్ చిల్లుల అట్టలతో పడుగు (నిలువు) పోగులను లేపే పద్ధతి తెచ్చిన నాటి నుండే నేతలో ఆదేశం అట్టది, పని మనిషిది. చేత్తో నేసే నేటి డిజిటల్ మగ్గమైన టీసీ2లో కంప్యూటర్ ఒక్కొక్క పడుగు పోగును విడిగా లేపుతుంది. నాడె విసిరేదీ, పేకను (అడ్డపోగును) ఎంత గట్టిగా కొట్టాలో నిర్ణయించేదీ నేసేవారే. కొంత నేశాక రంగు వెలవెలబోతున్నదనిపిస్తే, ఫైలులో అల్లిక మార్చి అక్కడి నుండే కొత్తగా కొనసాగించవచ్చు. పని సాగుతుండగా చూసి దిద్దుకునే వీలు ఉన్నంత వరకు, యంత్రం ఏ దశలో వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

సమాధానం: వెండి పని చేసే సభ్యుడు

నా ఆందోళన కొత్తగా నేర్చుకునేవారి గురించి. త్రీడీ ప్రింటర్‌తో తీసిన రెజిన్ నమూనాను మైనంతో సమానంగా భావించి పోతకు పెడుతున్నారు. నమూనా చుట్టూ అచ్చు కట్టి కొలిమిలో వేడి చేసినప్పుడు మైనం కరిగి కారిపోతుంది. రెజిన్ కరగదు, పూర్తిగా కాలిపోవాలి. కొలిమి వేడిని అందుకు తగినట్లు పెంచకపోతే అచ్చు బీటలిస్తుంది, మిగిలిన బూడిద వల్ల వెండిపై గుంటలు పడతాయి. ఇది తెరపై కనిపించదు. మైనం చెక్కి పోత పోసిన అనుభవం ముందుగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

కొయ్యపని చేసే సభ్యుడు

నేతపని చేసే సభ్యురాలు గారు చెప్పిన కొలబద్ద నాకు సమ్మతమే, అయితే దానితో చూసినా కొయ్య విషయంలో నా హద్దు నిలుస్తుంది: రూటర్‌ను మధ్యలో ఆపగలం గాని, లేచిపోయిన పీచును తిరిగి అతికించలేం. ఇతరులు గీసిన ఫైలును దింపుకొని ఉన్నదున్నట్లు కోసి చేతిపనిగా అమ్మడం మూడు వృత్తులలోనూ తప్పే. యంత్రం చేసిన భాగమేదో, చేయి చేసిన భాగమేదో కొనేవారికి ముందే చెప్పి తీరాలి.