ప్రోగ్రామింగ్ రానివారు లిబ్రేఆఫీస్ వాడుకరులకు సాయపడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)
నమస్కారం. నేను ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. నాలుగేళ్లుగా ఇంట్లోనూ, పనిలోనూ పత్రాలకూ, లెక్కల పట్టికలకూ లిబ్రేఆఫీసే వాడుతున్నాను. ఎవరెవరో శ్రమపడి ఉచితంగా అందించిన సాఫ్ట్‌వేర్‌తో నా పని గడుస్తోంది కనుక, కొత్తవారి సందేహాలు తీర్చి ఆ రుణం కొంతైనా తీర్చుకోవాలని ఉంది. అయితే నాకు ప్రోగ్రామింగ్ రాదు. పైగా నేను తెలియక చెప్పిన సలహాతో అవతలివారి ఫైలు పాడవుతుందేమోనని భయంగా ఉంది.

సమాధానం 1 (కోఠి నుంచి)
ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదండీ. ఇతరులు అడిగిన సమస్యను ముందు మీ కంప్యూటర్లో మీరే చేసి చూడండి. అది మీకూ ఎదురైందో లేదో తేలేవరకు సమాధానం రాయకండి. వెర్షన్ ఏది, విండోసా, లినక్సా అని తప్పక అడగండి. ఫైలుకు నకలు తీసి ఆ నకలు మీదే ప్రయత్నించమని ప్రతిసారీ చెబితే మీ భయం చాలావరకు తీరుతుంది. ఉన్నట్టుండి ప్రోగ్రాం వింతగా ప్రవర్తిస్తోందని ఎవరైనా అంటే, సహాయం మెనూ నుంచి సేఫ్ మోడ్‌లో (సొంత అమరికలను పక్కనపెట్టి నడిపే పద్ధతి) తెరవమనండి. అక్కడ బాగా నడిస్తే లోపం సాధారణంగా వాడుకరి ప్రొఫైల్లోనో (మన అమరికలు దాచే చోటు), ఎక్స్‌టెన్షన్లలోనో (అదనంగా చేర్చుకున్న హంగులు) ఉంటుంది.

సమాధానం 2 (అమీర్‌పేట నుంచి, డీటీపీ పని)
తెలుగువారికి ఎదురయ్యే చిక్కులను వేరే భాషలవారు ఊహించలేరు కాబట్టి మీరు వాటితోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. అను ఫాంట్లలో టైపు చేసిన పాత కరపత్రాన్ని ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. ఫైలు పాడైందని చాలామంది కంగారుపడతారు గానీ, అందులో ఉన్నవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటికి తెలుగు రూపాలు తొడిగింది ఆ ఫాంటు. దాన్ని యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలకు తమ సొంత సంకేతాలున్న ప్రామాణిక పద్ధతి) మార్చుకోవాలి తప్ప మండలి, పోతన వంటి యూనికోడ్ ఫాంట్లు ఎన్ని వేసినా ప్రయోజనం లేదు. ఇక రైటర్ (లిబ్రేఆఫీస్‌లో పత్రాలు రాసే ప్రోగ్రాం) శైలుల్లో, అంటే పేరుపెట్టి ఉంచిన అక్షరాల అమరికల్లో, ఇంగ్లీషుకు ఒక ఫాంటు, తెలుగు వంటి సంక్లిష్ట లిపులకు మరొక ఫాంటు విడివిడిగా ఉంటాయి. మొదటిది మాత్రమే మార్చి, తెలుగు అక్షరాలు మారడం లేదని అడిగేవారు ఎందరో ఉన్నారు.

సమాధానం 3 (కూకట్‌పల్లి నుంచి)
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒకటి కలుపుతాను. నమూనా ఫైలు అడిగేటప్పుడు అందులోని పేర్లు, ఫోను నంబర్లు, బ్యాంకు వివరాలు తొలగించి పంపమని ముందే చెప్పండి. లోపం సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని తేలితే, ఏ వరుసలో ఏమి నొక్కితే అది వస్తుందో రాసి బగ్‌జిల్లాలో (లిబ్రేఆఫీస్ లోపాలను నమోదుచేసే వెబ్‌సైటు) నమోదు చేయండి.

అడిగినవారు
అందరికీ ధన్యవాదాలు. ఇంతకాలంగా మా ఇన్‌వాయిస్ శీర్షికలో తెలుగు అక్షరాల పరిమాణం ఎందుకు మారడం లేదో నాకు ఇప్పుడే అర్థమైంది. శైలిలో ఆ రెండో చోట మార్చగానే సరిపోయింది. నిన్న ఇదే ప్రశ్న అడిగిన ఒకరికి సమాధానం రాయబోతున్నాను. వారి వెర్షన్ ఏదో ముందుగా అడిగాను.