ఫ్రేమ్‌కో కొత్త బఫరా, ఉన్నదాన్నే మళ్ల మళ్ల వాడుడా?

కాంటాకాడి కోడర్, మిర్యాలగూడ:
రైస్ మిల్లు కాంటా మీద లారీ నంబర్ చదివే ప్రోగ్రాం. లినక్స్, సీ. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు ఇస్తది, 1920×1080, పిక్సెల్‌కు 3 బైట్లు. ఫ్రేమ్ వచ్చినప్పుడల్లా మాలక్ (మెమరీ అడుగుడు), మెమ్‌కాపీ (ఫ్రేమ్‌ను అందులకు కాపీ చేసుడు), పనైనంక ఫ్రీ (మెమరీ తిరిగి ఇచ్చుడు). ఇదంతా దండగ, ఒక్క బఫర్ (ఫ్రేమ్ పెట్టుకునే మెమరీ ముక్క) చాలు, కాపీ తీసెయ్ అంటుండు మా సీనియర్. లూప్ పెట్టి కొలిస్తే మాలక్‌కు టైమే పడ్తలేదు. ఎవరిది కరెక్టు?

పాలమూరు పోరడు:
సీనియర్‌దే. ఫ్రేమ్‌కు 62 లక్షల బైట్లు అన్నా! మొదలే తీసిపెట్టుకోరాదు?

ఎడమకాల్వ:
తమ్మీ, ముందుగాల ఆ కొలతే తప్పు. మాలక్ ఇచ్చేది అడ్రస్. అసలు మెమరీని నువ్వు రాసినప్పుడే కర్నల్ (లినక్స్ గుండెకాయ) 4 కేబీ పేజీల, అంటే ముక్కల, లెక్కన ఇస్తది. నీ ఫ్రేమ్‌కు దగ్గర దగ్గర 1,520 పేజీలు. రాయకుండ కొలుసుడంటే వడ్లు ఎక్కియ్యక ముందే లారీని కాంటా పెట్టినట్టు.

ఇంకో తిరకాసు. జీలిబ్‌సీల (మాలక్ ఉండే సీ లైబ్రరీ) అడిగింది 128 కేబీ దాటితే మాలక్ ఎమ్‌మ్యాప్‌కు పోతది, అంటే కర్నల్‌ను నేరుగ కొత్త మెమరీ అడుగుతది. అసొంటి ముక్కను ఒకసారి ఫ్రీ చేస్తే ఆ హద్దు దానంతటదే పెరుగుతది, 64 బిట్ మీద 32 ఎంబీ దాంక. హద్దు లోపలిది ఫ్రీ చేసినా మాలక్ దగ్గర్నే ఉంటది, మళ్ల అదే ఇస్తది. గందుకే మొదటి ఒకటి రెండు ఫ్రేములు బరువు, తర్వాతియి తేలిక. సగటు తీస్తే ఇది కనవడదు. మాలాప్ట్‌తోని (మాలక్ సెట్టింగులు మార్చే ఫంక్షన్) హద్దు నువ్వే పెడితే ఈ సౌలత్ పోతది.

పాలమూరు పోరడు:
అయితే ముందే తీసి పెట్టుకునుడే మంచిది గదా!

ఎడమకాల్వ:
దానికి నేను అడ్డం లేను. కాపీ తీసేసుడే నచ్చలే. సెకనుకు 155 ఎంబీ చదువుడు, అంతే రాసుడు. డీడీఆర్4-3200 ర్యామ్ ఒక్క చానెల్ లెక్క సెకనుకు 25.6 జీబీ. ఈ మాత్రం దానికి ఒక్క బఫర్ పెడితే, ఓసీఆర్ (బొమ్మల అక్షరాలు చదివే భాగం) సగం చదవంగనే కెమెరా పైనుంచి కొత్తది రాస్తది. పైసగం టీజీ 05, కిందిసగం టీజీ 06. ఆ వడ్ల పైసలు ఎవరి ఖాతాల ఎయ్యాలె?

పాలమూరు పోరడు:
చిన్న బోర్డు మీద నాలుగు కెమెరాలు పెట్టి సూడు, అప్పుడు కాపీ బరువు తెలుస్తది. నేనైతే ఒప్పుకోను.

కాంటాకాడి కోడర్:
నాకున్నది ఒక్కటే కెమెరా. మూడు బఫర్లు తిప్పితే?

ఎడమకాల్వ:
తిప్పు. ఓసీఆర్ ఎనకవడితే పాత ఫ్రేమ్ పారెయ్, లారీ యాడికి పోదు. కొలిచేటప్పుడు మాత్రం ఒక్క ఫ్రేమ్‌నే తిప్పకు, క్యాష్‌ల (సీపీయూ పక్కనుండే చిన్న, వేగమైన మెమరీ) కూసుంటది, కాపీ అసలుకంటే తేలిక అనిపిస్తది. కాపీ చేసినదాన్ని యాడన్న వాడు, లేకుంటే కంపైలర్ ఆ కాపీనే లేపేస్తది.